పేరు సొంతం - వేషం అరువు

రైతు బజారులో వంకాయలు ఏరుతున్న మా ఆవిడను, ముఖపరిచయమైనా లేని ఒకావిడ పలకరించి, "మీరు తెలుగు మాష్టారి భార్య కదుటండీ? ఇప్పటికైనా డబ్బా వెతికి చూసుకుని మరీ పప్పు వండుతున్నారా?" అని అడిగి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్విందిట.

ఆ సంగతి ఇంటికి వచ్చి నాతో చెప్పినప్పుడు మా ఆవిడ మాత్రం నవ్వలేదు. సంచీ వంటింటి గుమ్మంలో పెట్టి, వంకాయలు ఒక్కొక్కటే తీసి బుట్టలో వేస్తూ, "ఇంతకీ నేను వండిన ఆ పప్పు ఏమిటో నాక్కూడా కాస్త సెలవివ్వండి" అన్నది.

సెలవివ్వక తప్పలేదు. నేను ఇరవై ఏళ్లుగా కాలేజీలో తెలుగు చెబుతున్నాను. మధ్యాహ్నం భోజనాలయిన తర్వాత వచ్చే గంటలో, అరవైమంది పిల్లలు జోగుతూ ఉండగా యతిప్రాసలు చెప్పవలసిన దురవస్థ ఎలాంటిదో పడ్డవాళ్లకే తెలుస్తుంది. అప్పుడు ఒక ఇంటి ముచ్చట వేస్తాను. అందులో పేరుమోసినది పప్పు కథ. మా ఆవిడ అయిదు వందల రూపాయల నోటు కందిపప్పు డబ్బాలో దాచి, ఆ మాట మరచిపోయి, పప్పుతో పాటు దాన్నికూడా కుక్కరులో పెట్టిందనీ, మూడు కూతలు వచ్చాక నా కంచంలోకి నోటు వచ్చి పడిందనీ, "జన్మలో అంత ఖరీదైన పప్పు తినలేదర్రా!" అని నేను అన్నాననీ. అక్కడ క్లాసు గొల్లుమంటుంది. ఆ ఊపులో ఇంకో రెండు గణాలు చెప్పేస్తాను.

నోటు డబ్బాలో ఉన్న మాట నిజం. మిగిలినదంతా కల్పన.

"అది నువ్వు కాదే, హాస్యం కోసం కల్పించిన పాత్ర" అన్నాను మా ఆవిడతో.

"పాత్రను కల్పించినవారు మనిషిని కూడా కల్పించవలసింది. 'మా ఆవిడ' అంటే మీకెంతమంది ఉన్నారని ఆ పిల్లలు అనుకోవాలి?" అన్నది ఆమె.

చదువుకున్న అలంకారశాస్త్రంలో దీనికి సమాధానం దొరకలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మేనల్లుడు న్యూజెర్సీ నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చి మా ఇంట్లో దిగాడు. సంగతి విని, "మావయ్యా, నీకొచ్చిన చిక్కే అమెరికాలో పెద్ద పెద్ద హాస్యగాళ్లకు డెబ్భై ఏళ్ల నుంచీ ఉన్నది. అత్తయ్యా, నువ్వు కూడా వచ్చి కూర్చో. చూసి నువ్వే తీర్పు చెప్పు" అని, రాత్రి భోజనాలయ్యాక టీవీ ముందు మా ఇద్దరినీ కూర్చోబెట్టటం మొదలుపెట్టాడు. మాటలు అర్థం కానిచోట తెలుగు చెప్పటం వాడి పని. నవ్వటం నా పని. తీర్పు మా ఆవిడ పని.

ముందుగా పాఠకులకు ఒక మాట. అమెరికాలో స్టాండప్ కమెడియన్ అనే వృత్తి ఒకటి ఉన్నది. వేషం లేదు, తోడు నటులు లేరు, తెర లేదు. ఒక మనిషి ఒక్క మైకు పట్టుకుని నిలబడి, తన ఇల్లూ, తన పెళ్లీ, తన పిసినారితనమూ, తన భయాలూ చెప్పి జనాన్ని నవ్విస్తాడు. సిట్‌కామ్ అంటే వారం వారం అరగంట చొప్పున వచ్చే హాస్య ధారావాహిక. అవే మనుషులు, అదే ఇల్లు, వారానికొక కొత్త చిక్కు. టెలివిజన్ వారికి ఈ నిలబడి నవ్వించేవాళ్లంటే మక్కువ ఎందుకంటే, వాళ్లు పాత్రను సంచిలో వేసుకునే వస్తారు. కొత్తగా కల్పించనక్కరలేదు. పేరు కూడా చాలాసార్లు అదే ఉంచేస్తారు. తెర మీద జెర్రీ పేరు జెర్రీయే, లారీ పేరు లారీయే.

చూసేవాడికి ఒక సందేహం అక్కడే పుడుతుంది. పేరు నిజమైనప్పుడు మనిషి ఎంత నిజం? ఆ మనిషి ఇంట్లోవాళ్లు ఎంత నిజం?

ముప్పై తొమ్మిదేళ్ల పిసినారి

మొదట చూసినది జాక్ బెన్నీ కార్యక్రమం. ఈయన 1894లో పుట్టాడు. 1932లో రేడియోలో మొదలుపెట్టి, 1950 నుంచి 1965 వరకు టెలివిజన్‌లో కూడా జాక్ బెన్నీగానే కనిపించాడు. ఆ తెర బెన్నీకి మూడు లక్షణాలు. పరమ లోభి. వయోలిన్ వాయిస్తే వినేవాళ్లు పారిపోతారు. వయస్సు ఏనాటికీ ముప్పై తొమ్మిది దాటదు.

1948లో రేడియోలో వచ్చిన ఒక ఘట్టం అమెరికాలో పెద్దలు ఈనాటికీ చెప్పుకుంటారు. దొంగ దారికాచి, డబ్బిస్తావా ప్రాణమిస్తావా అని అడుగుతాడు. బెన్నీ మాట్లాడడు. చాలాసేపు నిశ్శబ్దం. శ్రోతలు నవ్వటం మొదలుపెడతారు. దొంగ విసిగి గద్దిస్తే, ఆలోచించుకుంటున్నానయ్యా అంటాడు. మాట చిన్నదే. ఆ మాటకు ముందున్న నిశ్శబ్దం మాత్రం పదిహేనేళ్లకు పైగా వారం వారం కూడబెట్టిన పిసినారితనం.

నిజానికి బెన్నీ దాత. చిన్నప్పటి నుంచి వయోలిన్ నేర్చుకున్నవాడు. ముసలితనంలో ఊరూరా వాద్యబృందాలతో కలిసి ఆ వయోలినే వాయించి, వాటి నిధుల కోసం లక్షల డాలర్లు వసూలు చేసిపెట్టాడు. అంటే తనలో లేని తప్పును తన పేరుకు తగిలించుకుని, జీవితాంతం మోసినవాడన్నమాట.

మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "మరి ఆయన భార్యో?" అని.

భార్య కూడా ఆ కార్యక్రమంలో ఉన్నది. పేరు మేరీ లివింగ్‌స్టన్. అయితే అక్కడ ఆమె భార్య కాదు. అతను గొప్పలు పోయినప్పుడల్లా ఒక్కమాటతో గాలి తీసేసే స్నేహితురాలు. ఇంటి నౌకరు రోచెస్టర్ పాత్ర ధరించిన ఎడీ ఆండర్సన్ కూడా అంతే, యజమానికి చురకలు వేయటమే పని. అందరూ బెన్నీని చూసి నవ్వుతారు. బెన్నీ మాత్రం ఎవరినీ చూసి నవ్వడు. చెంపకు చెయ్యి ఆనించి మనవైపు జాలిగా చూస్తాడు.

"ఈయన మంచివాడు" అన్నది మా ఆవిడ. మొదటి తీర్పు.

గ్రేసీ తర్కం

రెండోది జార్జ్ బర్న్స్, గ్రేసీ ఆలెన్ దంపతులది. 1950 నుంచి 1958 వరకు వచ్చింది. ఇద్దరూ నిజ జీవితంలో భార్యాభర్తలు. తెర మీద కూడా భార్యాభర్తలే, పేర్లూ అవే. గ్రేసీ వేసేది అమాయకురాలి వేషం. ఏ మాట విన్నా అక్షరార్థంలో పట్టుకుని, తనదైన ఒక దారిలో నడిపించి, ఊరివాళ్లందరినీ అందులోకి లాగుతుంది. జార్జ్ చుట్ట కాలుస్తూ నిలబడి, మన వైపు తిరిగి కథ చెబుతాడు. తరువాతి సంవత్సరాలలో ఇంకా వింత. తన గదిలో టీవీ పెట్టుకుని, పక్కింట్లో ఏం జరుగుతున్నదో అందులో చూస్తూ ఉంటాడు. తన కథను తానే చూసే ప్రేక్షకుడు!

ఇక్కడ మా ఆవిడ కనుబొమలు ముడివడ్డవి. "మొగుడు తెలివిగలవాడూ, పెళ్లాం తెలివితక్కువదీ. మీ పప్పు కథే గదా ఇది?" అన్నది.

నేను కాస్త చదివి చెప్పవలసి వచ్చింది. వీళ్లు నాటకశాలల్లో జంటగా మొదలుపెట్టినప్పుడు హాస్యం మాటలన్నీ జార్జ్‌వి. గ్రేసీ చేయవలసినదల్లా ప్రశ్నలు అడగటం. తీరా జనం ఆమె ప్రశ్నలకే నవ్వారు. అతని జవాబులకు నవ్వలేదు. జార్జ్ అహంకారపడలేదు. మాటలు తారుమారు చేసి, నవ్వంతా ఆమెకు ఇచ్చివేశాడు. గ్రేసీ మాటల్లో తెలివితక్కువతనం పైపూత మాత్రమే. లోపల ఒక తర్కం ఉన్నది. అది వంకరదే గాని తెగదు. ఆ వంకర తర్కాన్ని వారం వారం కంఠస్థం చేసి, అది తప్పని తనకు తెలియనట్టు పలకటం సామాన్యమైన పని కాదు. 1958లో ఆమె విశ్రాంతి తీసుకున్నది. జార్జ్ తన ఒక్కడి పేరుతో కార్యక్రమం నడిపి చూశాడు. ఒక్క ఏడాదితో అది ఆగిపోయింది. గ్రేసీ 1964లో పోయింది. జార్జ్ నూరేళ్లు బతికి 1996లో పోయాడు. తన ప్రతిభ అంతా గ్రేసీయేనని చెప్పుకుంటూనే ఉన్నాడు.

మన మునిమాణిక్యం నరసింహారావుగారి కాంతం గుర్తుకు రాలేదూ? భర్త తనే కథ చెబుతూ, గెలుపు భార్యకు వదిలిపెట్టే మర్యాద అది.

"ఆవిడ పక్కనే నిలబడి ఉన్నది. తన మాట తానే చెప్పుకున్నది. నేను మీ క్లాసులో నిలబడి లేను" అన్నది మా ఆవిడ. ఆ రాత్రి ఇంకేమీ చూడలేదు.

పేరు మార్చిన మర్యాద

మర్నాడు మేనల్లుడు రే రొమానో కథ చెప్పాడు. ఈయన ధారావాహిక 1996 నుంచి 2005 వరకు నడిచింది. అందులో ఆయన రే బరోన్ అనే క్రీడావిలేఖరి. సగం పేరు సొంతం, సగం కల్పన. ఆయనకు ఒక కూతురూ కవల కొడుకులూ ఉంటే తెరమీద కూడా అలాగే. ఆయన అన్న పోలీసు ఉద్యోగి అయితే, తెరమీద అన్న కూడా పోలీసే. తల్లిదండ్రులు ఎదురింట్లో కాపురం ఉండి, వేళాపాళా లేకుండా తలుపు తోసుకు వస్తూ ఉంటారు. మన ఇళ్లలో ఇది వింత కాదు గనుక మా ఆవిడ బాగా నవ్వింది.

అందులో ఒక చిన్న సంగతి నన్ను ఆపింది. మొట్టమొదటి భాగంలో తెరమీది కవలలకు ఆయన సొంత కొడుకుల పేర్లే పెట్టారు. రెండో వారం నుంచి ఆ పేర్లు మార్చివేశారు. తన పేరు సగం ఉంచుకున్న మనిషి, పసివాళ్ల పేర్లు మాత్రం బజారున పెట్టలేకపోయాడు.

మా ఆవిడ నా వైపు చూసింది. ఏమీ అనలేదు.

1986 నుంచి 1990 వరకు వచ్చిన గ్యారీ షాండ్లింగ్ ధారావాహిక దీనికి పూర్తిగా ఎదురు. అతను తెర మీద గ్యారీ షాండ్లింగే. తాను టీవీ కార్యక్రమంలో ఉన్నానని అతనికి తెలుసు, స్నేహితులకూ తెలుసు, ఇరుగుపొరుగులకూ తెలుసు. తన సొంత ఇంటి నమూనాలోనే తెర మీది ఇల్లు కట్టించుకున్నాడు. మధ్యలో ఆపి ప్రేక్షకులతో ముచ్చటిస్తాడు. ఇది నాటకమే సుమా అని పదే పదే చెప్పటం వల్ల, ఎవరికీ దీని మీద ఫిర్యాదు లేదు.

రెండుగా చీలిన మనిషి

తరువాత వచ్చింది సైన్‌ఫెల్డ్. ఇది 1989 నుంచి 1998 వరకు నడిచింది. చివరి భాగాన్ని అమెరికాలో సుమారు 7 కోట్ల 60 లక్షల మంది చూశారు. జెర్రీ సైన్‌ఫెల్డ్ నిజంగానే స్టాండప్ కమెడియన్. తెర మీద కూడా అదే పేరు, అదే వృత్తి. తొలి సంవత్సరాలలో ప్రతి భాగమూ అతను వేదిక మీద నిలబడి మాట్లాడటంతో మొదలై, మళ్లీ అలాగే ముగుస్తుంది. మధ్యలోది న్యూయార్కులో నలుగురు స్నేహితుల కథ. కథ అనటం కూడా ఎక్కువే. 1991లో వచ్చిన ఒక భాగం మొత్తం, ముగ్గురు మనుషులు హోటలులో బల్ల ఖాళీ కావటం కోసం ఎదురు చూడటమే. పిలుపు రాదు. విసిగి వెళ్లిపోతారు. వెళ్లిన మరుక్షణం పిలుస్తారు.

ఈ ధారావాహికను కల్పించినవారు ఇద్దరు. జెర్రీ ఒకడు, అతని స్నేహితుడు లారీ డేవిడ్ మరొకడు. ఇందులోని కిటుకు ఇక్కడే ఉన్నది. జెర్రీ తన పేరుతో తాను నటించాడు. కాని తెర జెర్రీకి పెద్ద తప్పులేవీ లేవు. శుభ్రమైన ఇల్లు, ఇస్త్రీ చొక్కా, ఎవరి కష్టమూ అంటని నవ్వు. అబద్ధాలు, పిరికితనం, ఉక్రోషం, ఉద్యోగం ఊడగొట్టుకోవటం, ఇవన్నీ స్నేహితుడు జార్జ్ కోస్టాంజా నెత్తిన పడ్డవి. ఆ జార్జ్ ఎవరో కాదు, తెర వెనక కూర్చుని రాస్తున్న లారీ డేవిడే. వేరే నటుడి చేత తన తప్పులన్నీ ఆడించాడు.

పేర్లు అరువు తెచ్చుకుంటే వచ్చే తగాదాలు కూడా ఈ ధారావాహికకు వచ్చినవి. ఎదురింటి క్రేమర్ అనే పాత్రకు మూలం లారీ పాత పొరుగువాడు; ఇంటిపేరు కూడా అతనిదే. ఆ పెద్దమనిషి కోపం తెచ్చుకోలేదు. నేనే అసలు క్రేమరునని చెప్పుకుని, న్యూయార్కులో బస్సు పెట్టి, ధారావాహికలోని చోట్లన్నీ టిక్కెట్టు పుచ్చుకుని చూపించాడు! ధారావాహికవారు మళ్లీ ఆ బస్సు మీదనే ఒక హాస్యం అల్లారు. ఇంకొకరికి అంత ఓర్పు లేదు. జెర్రీ పాత కాలేజీ స్నేహితుడొకడు, కోస్టాంజా అనేది నా ఇంటిపేరు, ఆ వెధవ పాత్ర నాదేనంటున్నారు అని 1998లో పది కోట్ల డాలర్లకు దావా వేశాడు. న్యాయస్థానం మరుసటి ఏడు దాన్ని కొట్టివేసింది.

"పది కోట్లా!" అన్నది మా ఆవిడ. డాలరుకు రూపాయలెన్నో మేనల్లుణ్ణి అడిగి తెలుసుకున్నది. నాకు కొంచెం భయం వేసింది.

బొమ్మ జుట్టు

సైన్‌ఫెల్డ్ తర్వాత లారీ డేవిడ్ ముసుగు తీసివేశాడు. "కర్బ్ యువర్ ఎన్‌థూసియాజమ్" అనే ధారావాహికలో తన తప్పులను తన పేరుతో, తన బట్టతలతో, తానే నటించాడు. మీ ఉత్సాహం కాస్త అదుపులో పెట్టుకోండి అని దాని అర్థం. 2000 నుంచి 2024 వరకు, మధ్యలో కొన్నేళ్లు ఆపుతూ, 12 విడతలుగా 120 భాగాలు వచ్చినవి. ఇందులో మాటలు ముందుగా రాయరు. ఏ సన్నివేశంలో ఏం జరగాలో కొన్ని పేజీలలో రాసుకుంటారు. మాటలు నటులు అప్పటికప్పుడు పుట్టించాలి. మన అవధానంలో అప్రస్తుత ప్రసంగానికి సమాధానం చెప్పినట్టన్నమాట.

2001లో వచ్చిన ఒక భాగం చెబుతాను. ఒక పెద్ద అధికారి ఇంటికి విందుకు వెళతాడు లారీ. ఆ ఇంటి చిన్నపిల్ల తన బొమ్మకు జుట్టు కత్తిరించమంటుంది. కత్తిరిస్తాడు. మళ్లీ పెరుగుతుంది గదా అంటుంది పిల్ల. బొమ్మ జుట్టు పెరగదమ్మా అంటాడు. పిల్ల ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడుస్తుంది. ఇందులో లారీ తప్పేమిటి? పిల్ల అడిగింది చేశాడు, నిజం చెప్పాడు. అయినా తప్పు అతనిదే. పసిపిల్ల తెలియక అడుగుతున్నదని పెద్దవాడికి తెలియవద్దూ?

ఇరవై నాలుగేళ్లూ ఇదే పాఠం. లారీ సాధారణంగా సూత్రం ప్రకారం ఒప్పు, మర్యాద ప్రకారం తప్పు. ఐస్‌క్రీము కొట్టులో వరుసలో ముందున్నావిడ ఒక్కొక్క రకం రుచి చూస్తూ జాగు చేస్తుంటే మనందరికీ ఒళ్లు మండుతుంది; మనం ఊరుకుంటాం, అతను అనేస్తాడు. మనం మనస్సులో అనుకుని మింగేసే మాటల మూట ఆ తెర లారీ. నిజం లారీ కూడా, తాను అనలేనివి తెర లారీ అంటాడనే చెబుతాడు.

చివరకు ఒక చమత్కారం ఉన్నది. సైన్‌ఫెల్డ్ చివరి భాగంలో నలుగురు స్నేహితులూ, ఒక మనిషిని దొంగ దోస్తుంటే సాయం చేయక చూస్తూ నవ్వినందుకు జైలుకు వెళతారు. కర్బ్ చివరి విడతలో లారీ కూడా కోర్టుకెక్కుతాడు. జార్జియా రాష్ట్రంలో ఓటు వేయటానికి వరుసలో నిలబడిన ఒకావిడకు మంచినీళ్ల సీసా ఇచ్చినందుకు! అక్కడి చట్టం దాన్ని నిషేధించింది. మొదటిసారి సాయం చేయనందుకు, రెండోసారి చేసినందుకు.

"ఈయన భార్య ఏమయింది?" అన్నది మా ఆవిడ.

తెర భార్య షెరిల్ పాత్రను షెరిల్ హైన్స్ అనే నటి వేసింది. ఆమె ఎప్పుడూ తెలివిగలదే. నవ్వు ఆమె మీద పడదు. ఓర్చినంత కాలం ఓర్చి, 2007 విడతలో అతన్ని వదిలి వెళ్లిపోతుంది.

"వెళ్లదూ మరి!" అన్నది మా ఆవిడ, లేచి పాలకు తోడు వేయటానికి వెళుతూ.

ఇల్లాలే చెబితే

నాలుగో రాత్రి ఆడవాళ్ల వంతు. రోజాన్ బార్ అనే ఆమె, ఇల్లూ పిల్లలూ వంటా చాకిరీ గూర్చి వేదిక మీద తానే చెప్పి పేరు తెచ్చుకున్నది. 1988లో ఆ వేషమే ధారావాహిక అయింది. రోజాన్ కానర్ అని పేరు. ఫ్యాక్టరీలో పని, నెలాఖరు కటకట, మాట వినని పిల్లలు. అన్నాళ్లూ భర్తలు భార్యల మీద చెప్పుకున్న హాస్యాన్ని ఆమె చేతిలోకి తీసుకుని అటు తిప్పింది. 1997 వరకు నడిచింది.

తరువాతి కథ విషాదం. 2018లో అది మళ్లీ మొదలై, గొప్పగా ఆడుతూ ఉండగా, రోజాన్ బార్ ఒక నల్లజాతి మహిళను గూర్చి ట్విట్టరులో జాతి అవమానకరమైన మాట రాసింది. కంపెనీవారు వెంటనే ధారావాహికను రద్దు చేశారు. కొన్ని నెలల తర్వాత మిగిలిన కుటుంబంతో, పాత్రను చనిపోయినట్టు చూపించి, కొత్త పేరుతో నడిపించారు. అది 2025 వరకు సాగింది. ఎవరి పేరు మీద ఇల్లు కట్టారో, ఆ మనిషి లేకుండా ఇల్లు మాత్రం నిలిచింది.

ఇంకొకటి ఇంతకన్నా చేదు. లూయీ సి.కె. అనే అతను 2010 నుంచి 2015 వరకు "లూయీ" పేరుతో ఒక ధారావాహిక తీశాడు. రచన, దర్శకత్వం, నటన తనే. భార్యతో విడాకులైన ఒక హాస్యగాడు, ఇద్దరు ఆడపిల్లలు, ఒంటరితనం, తన నీచత్వాన్ని తానే తిట్టుకోవటం. ఇంత నిజాయితీ మనిషి ఉండడని చూసినవాళ్లు మెచ్చుకున్నారు. 2017 నవంబరులో, అతను తమ ఎదుట అసభ్యంగా ప్రవర్తించాడని అయిదుగురు స్త్రీలు చెప్పిన సంగతి న్యూయార్క్ టైమ్స్ ప్రచురించింది. మర్నాడే అతను ఆ మాటలు నిజమేనని ఒప్పుకున్నాడు.

ఇది మా మేనల్లుడు చెప్పినప్పుడు ముగ్గురమూ కాసేపు మాట్లాడలేదు. తన తప్పులు తానే చెప్పుకునేవాడిని మనం తొందరగా నమ్ముతాం. అతను ఏ తప్పు చెప్పాలో తానే ఎంచుకున్నాడనే మాట మరచిపోతాం. చెప్పిన తప్పుల వెనక చెప్పనివి దాక్కోవటానికి బోలెడు చోటు ఉంటుంది.

కందిపప్పు డబ్బా

మేనల్లుడు వెళ్లిపోయాక, చూసినవన్నీ మనస్సులో వరస పెట్టుకున్నాను. జాక్ బెన్నీ తనలో లేని తప్పును తాను తగిలించుకున్నాడు. జార్జ్ బర్న్స్ నవ్వును భార్యకు ఇచ్చి, తాను పక్కకు తప్పుకున్నాడు. రే రొమానో పిల్లల పేర్లు మార్చాడు. లారీ డేవిడ్ తన తప్పులకు మొదట ఇంకో పేరు పెట్టి, తరువాత తన పేరే పెట్టాడు. వీళ్లు ఆడినది ఒకటే ఆట గాని, నవ్వుకు వెల ఎవరు చెల్లించారన్న దగ్గర ఒకరికొకరు ఎంతో తేడా. నవ్వు నాలుగు విధాల చేటు అన్నారు పెద్దలు. ఆ చేటు ఎవరి వాకిట్లో పడుతుందో చూసుకోవటమే హాస్యగాడి మర్యాద.

ఇక నేను చేసినదేమిటి?

పాఠకులకు ఇందాక సగమే చెప్పాను. ఆ అయిదు వందల నోటు కథ ఇదీ. ఆ నెల నా జీతం ఆలస్యమయింది. మా అమ్మాయి పరీక్ష ఫీజు కట్టటానికి మర్నాటితో గడువు. ఆ సంగతి పదిహేను రోజుల నుంచీ నాకు తెలుసు, శుభ్రంగా మరచిపోయాను. రాత్రి పది గంటలకు అమ్మాయి ఏడుపు మొగం పెడితే, నేను ఎవరిని చేబదులు అడగాలా అని తల పట్టుకు కూర్చున్నాను. మా ఆవిడ లేచి వెళ్లి, కందిపప్పు డబ్బా దింపి, మోచేతి వరకు పప్పులో ముంచి, మడత పెట్టిన నోటు తీసి అమ్మాయి చేతిలో పెట్టింది. కూరల డబ్బులో మిగిల్చి, చిల్లర కూడబెట్టి, నోటు చేసి దాచిందిట.

మరచిపోయినవాణ్ణి నేను. గుర్తు పెట్టుకున్నది ఆమె. కథలో మాత్రం మరుపు ఆమెకు అంటగట్టి, నేను కంచం ముందు పెద్దమనిషిలా కూర్చున్నాను. జాక్ బెన్నీ చేసిన పనిని సరిగ్గా తిరగేసి చేశానన్నమాట.

సోమవారం మధ్యాహ్నం క్లాసులో పిల్లలతో, "పప్పు కథకు శుద్ధప్రతి ఒకటి దొరికిందర్రా" అని ఉన్నదున్నట్టు చెప్పాను. గొల్లున నవ్వలేదు. అక్కడక్కడ నవ్వారు. తల పట్టుకు కూర్చున్న చోట మాత్రం కాస్త గట్టిగానే నవ్వారు. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "ఆ అయిదు వందలు కూడబెట్టటానికి మేడంగారికి ఎన్నాళ్లు పట్టిందండీ?" అని అడిగింది.

నాకు తెలియదు. ఎన్నడూ అడగలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి అడిగాను. మా ఆవిడ బియ్యం ఏరుతున్నది. తల ఎత్తకుండానే, "పదకొండు వారాలు" అన్నది. కొంచెం సేపు ఆగి, "ఇది కూడా క్లాసులో చెబుతారా?" అన్నది.

"నువ్వు చెప్పమంటేనే."

"చెప్పండి. కాని ఇక నుంచి కూరలకు మీరు వెళ్లండి. ఆ బజారులో నేను ఎవరికీ సమాధానం చెప్పుకోలేను."

అప్పటి నుంచి ఆదివారం సంచీ నాది. పోయిన వారం వంకాయల దగ్గర ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "లెక్చరరుగారూ, మా అమ్మాయి మీ క్లాసేనండీ. ఈసారైనా ఫీజు గడువు గుర్తున్నదా?" అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నేను కూడా నవ్వాను. వంకాయలు మాత్రం పుచ్చువి ఏరుకొచ్చానని ఇంటికి వచ్చాక తెలిసింది.